అరకులో ఎనిమిది గదుల లాడ్జి... ఆన్‌లైన్ ప్రచారానికి ఏజెన్సీకి ఎంత ఇవ్వాలి?

అక్టోబరు దాటిందంటే అరకు లోయ పసుపు చీర కట్టుకుంటుంది. అవి వలిసె పూలు. పొలంలోకి దిగి ఫొటో దిగాలంటే రైతుకు పదో ఇరవయ్యో ఇవ్వాలి. ఎంత ఇస్తున్నామో, దేనికి ఇస్తున్నామో ఇద్దరికీ తెలుసు. పేచీ లేని బేరం.

సరిగ్గా అదే సీజన్‌లో లాడ్జిలు, హోమ్‌స్టేలు, టెంట్లు నడిపేవాళ్ల వాట్సాప్‌కి ఇంకో రకం బేరం వస్తుంది. "సార్, మీ రిసార్ట్‌ని గూగుల్‌లో నంబర్ వన్ చేస్తాం. నెలకి 25 వేలే." ఇక్కడ ఎంత ఇవ్వాలో రాసి ఉంటుంది. దేనికి ఇస్తున్నామో మాత్రం సగం మందికి అర్థం కాదు.

నేను విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. కొండ మీద నాలుగు గదులు కట్టుకున్న తెలిసినవాళ్లు ఇలాంటి కొటేషన్లు ఫార్వర్డ్ చేసి, "ఇది సరైన రేటేనా తమ్ముడూ?" అని అడుగుతుంటారు. నేను చెప్పేది ఒక్కటే. రేటు చూసే ముందు మీ గదుల లెక్క చూడండి. ఆ లెక్క ఎలా వేయాలో ఇక్కడ చెప్తాను.

కొనేది మనిషి పనిగంటలు

సాఫ్ట్‌వేర్ కంపెనీ క్లయింట్‌కి అమ్మేది చివరికి మనుషుల సమయాన్నే. డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ కూడా అంతే. పేరు ప్యాకేజీ అని ఉన్నా లోపల ఉండేది ఒక కుర్రాడో అమ్మాయో మీ కోసం కూర్చునే రోజులు.

ఓ చిన్న లెక్క వేద్దాం. ఒక ఉద్యోగి జీతం 25 వేలు అనుకోండి. ఆఫీసు అద్దె, సాఫ్ట్‌వేర్లు, కరెంటు కలిపి ఏజెన్సీకి 40 వేలు పడుతుంది. నెలకి 5 వేల ప్యాకేజీ అమ్మితే, లాభం సంగతి పక్కనపెట్టి ఖర్చు రావడానికే ఆ ఉద్యోగి ఎనిమిది మంది క్లయింట్లని చూడాలి. 25 పని రోజుల్లో మీకు దక్కేది మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో పన్నెండు పోస్టర్లు, ఎనిమిది రీల్స్, రివ్యూలకి జవాబులు, యాడ్స్, రిపోర్టు అన్నీ చేస్తామంటే ఏం జరుగుతుంది? పండగ శుభాకాంక్షల పోస్టరు మీద మీ లోగో, పక్క జిల్లా లాడ్జి లోగో మార్చి మార్చి పెడతారు. తప్పు వాళ్లది కూడా కాదు. ఇచ్చిన డబ్బుకి అంతే వస్తుంది.

అందుకే కొటేషన్ రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: "నా పని ఎవరు చూస్తారు? నెలలో ఎన్ని రోజులు?"

బయట నడుస్తున్న రేట్లు

ఇంత అని కట్టిన ధర ఎక్కడా లేదు. చిన్న వ్యాపారాలకి వచ్చే కొటేషన్లు మాత్రం సుమారుగా ఇలా ఉంటున్నాయి. ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్ నెలకి 8 వేల నుంచి 15 వేలు. విశాఖ లాంటి ఊళ్లో నలుగురైదుగురున్న ఏజెన్సీ 15 వేల నుంచి 40 వేలు. హైదరాబాదులో కాస్త పేరున్న ఏజెన్సీ 50 వేల నుంచి లక్ష, ఆ పైన. ఒకరోజు ఫొటోలు, వీడియోల షూట్ వేరే. వెబ్‌సైట్ వేరే.

ఈ అంకెలకి రెండు కలుపుకోవాలి. మొదటిది, యాడ్స్ ఖర్చు. ఏజెన్సీ ఫీజు ఏజెన్సీకి, యాడ్స్ డబ్బు గూగుల్‌కో ఇన్‌స్టాగ్రామ్‌కో వెళ్తుంది. "25 వేలు" అన్నప్పుడు ఈ రెండూ కలిపా, విడివిడిగానా అన్నది కాగితం మీద ఉండాలి. రెండోది, 18 శాతం జీఎస్టీ. పెద్ద కంపెనీలు దీన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటాయి. మీకు ఆ దారి లేదు. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపుండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే క్రెడిట్ ఊసే లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 7,500 రూపాయల లోపు గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతానికి తగ్గించి, క్రెడిట్ తీసేశారు. అంటే ఏజెన్సీ బిల్లు మీద 18 శాతం నేరుగా మీ జేబులోంచే.

ఎనిమిది గదుల లెక్క

అరకులో ఎనిమిది గదుల లాడ్జి ఉందనుకుందాం. గది అద్దె 2 వేలు. దుప్పట్ల ఉతుకు, శుభ్రం, కరెంటు, వేడినీళ్లు, పొద్దున్న టిఫిన్ పోను గదికి 1,300 మిగులుతుంది. ఏజెన్సీ ఫీజు 20 వేలు, యాడ్స్‌కి 10 వేలు. జీఎస్టీతో కలిపి నెలకి 35,400 రూపాయలు.

ఈ ఖర్చు రాబట్టడానికి ఎన్ని గదులు అదనంగా నిండాలి? 35,400ని 1,300తో భాగిస్తే 27 దాటుతుంది. అంటే నెలకి 28 గదులు. "అదనంగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఎలాగూ వచ్చే టూరిస్టుని ఈ లెక్కలో వేయకూడదు.

28 అంటే పెద్ద సంఖ్యేం కాదనిపిస్తుంది. అయితే ఇంకో లెక్క ఉంది. మేక్‌మైట్రిప్, బుకింగ్ డాట్ కామ్ లాంటివాళ్లు గది బుక్ అయితేనే కమీషన్ తీసుకుంటారు. అది 18 శాతం అనుకుంటే 2 వేల గదికి 360, దాని మీద జీఎస్టీతో దాదాపు 425 రూపాయలు. అదే 28 గదులు వాళ్ల ద్వారా నిండితే ఖర్చు సుమారు 11,900. ఏజెన్సీ దారిలో 35,400. ఏజెన్సీ ఖర్చు ఈ కమీషన్ కంటే చవక అవ్వాలంటే నెలకి 84 గదులు తేవాలి. ఎనిమిది గదుల లాడ్జికి అది కొండని తవ్వి ఎలుకని పట్టడమే.

మరి ఏజెన్సీ ఎందుకు? కమీషన్ దారిలో వచ్చిన కస్టమర్ మీవాడు కాదు, ఆ యాప్ మనిషి. వచ్చే ఏడాది మళ్లీ యాప్‌లోనే వెతుక్కుంటాడు, మీరు మళ్లీ కమీషన్ కడతారు. ఏజెన్సీ పని బాగుంటే మంచి ఫొటోలు, రివ్యూలు, నేరుగా ఫోన్ చేసే పాత కస్టమర్లు మీ దగ్గర మిగులుతారు. అందుకే ప్రతి నెలా కాకపోయినా ప్రతి సీజన్ చివర్లో ఒకటి చూసుకోండి: నేరుగా వచ్చిన బుకింగులు పోయినేడాది కంటే పెరిగాయా, లేదా? పెరగకపోతే ఆ ఫీజు ప్రచారానికి పెట్టుబడి కాదు, అద్దె.

శనివారానికి ప్రకటన దండగ

ఖాళీగా ఉన్న గదినే ప్రకటన అమ్మగలదు. డిసెంబరులో శనివారం రాత్రి అరకులో గది దొరకడమే గగనం. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా వారం మధ్యలో కూడా అంతే. ఆ రోజులకి యాడ్స్ పెడితే, ఎలాగూ నిండే గదికి డబ్బు కట్టినట్టే. పైగా నెలాఖరు రిపోర్టులో ఆ బుకింగులన్నీ ఏజెన్సీ ఖాతాలో పడతాయి.

యాడ్ అవసరమయ్యేది సీజన్‌లో సోమవారం నుంచి గురువారం వరకు, వర్షాకాలంలో జలపాతాలు నిండుగా ఉన్నప్పుడు. కాబట్టి ఏడాది కాంట్రాక్టు వద్దు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఐదు నెలలకి మాట్లాడుకోండి. పై లెక్కలో ఏడాదికి 4,24,800 అయ్యేది 1,77,000కి దిగుతుంది. మిగిలిన రెండున్నర లక్షలతో పరుపులు మార్చుకోవచ్చు, గీజర్లు బాగుచేయించుకోవచ్చు. రివ్యూల్లో ఐదు నక్షత్రాలు తెచ్చేవి అవే.

ఇంకో మాట. వంజంగి మేఘాలని ఏ ఏజెన్సీ ఫేమస్ చేసింది? ఏదీ చేయలేదు. పాడేరు దగ్గర కొండెక్కిన కుర్రాళ్లు తీసిన వీడియోలే చేశాయి. అరకు పక్కన మాడగడ కథా అంతే. ఇక్కడ ప్రకృతి సగం మార్కెటింగ్ ఉచితంగా చేసి పెట్టింది. గూగుల్ మ్యాప్స్‌లో మీ లాడ్జి పేరు, సరైన లొకేషన్, ఫోన్ నంబరు పెట్టుకోవడం కూడా ఉచితమే. ముందు అది సరిచేసుకోండి. ఘాట్ రోడ్డెక్కి తప్పు మలుపు తిరిగిన కుటుంబం రాసే రివ్యూని ఏ యాడూ చెరపలేదు.

అట్లాగే "మీ కిటికీలోంచి మేఘాలు గ్యారంటీ" అని రాయనివ్వకండి. మేఘాలు రాని రోజు ఆ మాట మీ మెడకే చుట్టుకుంటుంది.

కాఫీ పొడి అమ్మేవాళ్లకి

అరకు కాఫీ పేరు వినగానే అందరూ ప్యారిస్ అంటారు. నాంది ఫౌండేషన్ అండతో పుట్టిన అరకు బ్రాండ్ 2017లో ప్యారిస్‌లో దుకాణం తెరిచింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో జీ20 సదస్సుకి వచ్చిన దేశాధినేతలకి ఇచ్చిన కానుకల్లో ఈ కాఫీ ఉంది. అయితే ప్యారిస్‌కి ముందు ఏళ్ల తరబడి పని జరిగింది గిరిజన రైతుల తోటల్లో, పండిన పండునే ఏరడంలో, ఆరబెట్టడంలో. ప్రచారం ఆఖరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

చిన్నగా కాఫీ పొడి ప్యాక్ చేసి అమ్మేవాళ్లు ఒకటి గమనించాలి. 250 గ్రాముల ప్యాకెట్ మీద కొరియర్ పోను 100 రూపాయలు మిగిలి, ఒక కొత్త కస్టమర్‌ని తేవడానికి యాడ్‌కి 150 అయితే మొదటి ప్యాకెట్‌కి 50 నష్టం. అదే మనిషి రెండోసారి నేరుగా కొంటేనే 50 లాభం. అందుకే ఏజెన్సీని "ఎన్ని లైకులు" అని అడక్కండి. "రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది" అని అడగండి.

పాస్‌వర్డే పట్టా

ఇది డబ్బు కంటే ముఖ్యం. ఏజెన్సీ తన మెయిల్‌తో మీ గూగుల్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, డొమైన్ పేరు తెరుస్తుంది. ఏడాది తర్వాత గొడవ వస్తే ఏమవుతుంది? మూడొందల రివ్యూలు, పది వేల ఫాలోయర్లు వాళ్ల దగ్గర ఉండిపోతాయి. మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఏజెన్సీలో గిరిజనుల భూమికి 1/70 చట్టం కాపలా ఉంది. (ఈ ఏజెన్సీ మన మన్యం ఏజెన్సీ, మార్కెటింగ్ ఏజెన్సీ కాదు!) ఇన్‌స్టాగ్రామ్ పేజీకి అలాంటి చట్టమేదీ లేదు. అక్కడ పాస్‌వర్డే పట్టా. ఖాతాలన్నీ మీ జీమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో తెరిపించండి. ఏజెన్సీకి మేనేజర్‌గా అనుమతి మాత్రం ఇవ్వండి. యాడ్స్ డబ్బు మీ కార్డు నుంచే కట్టండి. అప్పుడు 10 వేలు అన్నది నిజంగా 10 వేలేనా అన్నది మీ కళ్ల ముందే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే వాళ్లెవరిని అడిగినా ఇదే చెప్తారు.

సంతకానికి ముందు

ఫీజు, యాడ్స్, జీఎస్టీ మూడూ విడివిడిగా రాయించండి. మూడు నెలల తర్వాత నెల ముందు చెప్పి మానేసే వీలు ఉండాలి. షూట్ చేసిన అసలు ఫొటోలు, వీడియోలు మీకు ఇవ్వాలి. రివ్యూలు కొని పెడతామంటే వద్దనండి. గూగుల్ పట్టుకుంటే మీ నిజమైన రివ్యూలకీ విలువ పోతుంది. ఇన్‌ఫ్లుయెన్సర్‌కి డబ్బో ఉచిత బసో ఇస్తే ఆ సంగతి వీడియోలో చెప్పాల్సిందేనని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. "నంబర్ వన్ గ్యారంటీ" అన్నవాళ్లని అక్కడే ఆపేయండి. గూగుల్‌లో మొదటి స్థానం ఎవరి చేతిలోనూ లేదు.

చివరిగా, ఫోన్ ఎత్తే మనిషి. కొండ మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. యాడ్ చూసి వాట్సాప్ చేసినవాడికి మూడు గంటలు జవాబు రాకపోతే పక్క లాడ్జికి వెళ్లిపోతాడు. ఏజెన్సీకి 20 వేలు ఇచ్చే ముందు, అరకులోనో పాడేరులోనో డిగ్రీ చదివి పని వెతుక్కుంటున్న ఒకరికి 12 వేలిచ్చి ఫోన్, ఫొటోలు, రివ్యూలు అప్పగించి చూడండి. వలిసె పూలు ఎప్పుడు విచ్చుకుంటాయో, ధింసా ఎక్కడ ఆడుతున్నారో, బొంగు చికెన్ ఎవరు బాగా చేస్తారో ఆ మనిషికి తెలిసినంత ఏ ఏసీ గదిలోని డిజైనర్‌కీ తెలీదు. యాడ్స్ నడపడం లాంటి సాంకేతిక పనికి మాత్రం సీజన్‌లో ఫ్రీలాన్సర్‌ని పెట్టుకోవచ్చు. ఖర్చు దాదాపు అంతే అవుతుంది. కాకపోతే అందులో సగానికి పైగా కొండ మీదే ఉంటుంది.