చుక్క పడినచోటు, పుట్టినచోటు

శృంగవరపుకోట దాటి అనంతగిరి కనుమ ఎక్కితే, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున అరకులోయ వస్తుంది. ఈనాటి బండ్లకు ఆ ఎక్కుడు ఒక లెక్కలోనిది కాదు. పాత అంబాసిడరుకు మాత్రం పరీక్షే. పైకి చేరి కాఫీతోటల పక్కన నిలిపిన కాసేపటికి కారు కింద నేలపై నల్లని చమురుచుక్క ఒకటి కనబడుతుంది. వెనుక సీలు పోయినది, ఇంజన్ దింపవలసిందేనని చుట్టూ చేరినవారు తీర్పు చెప్పివేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే.

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడలో 1950ల చివర ఆరంభమైన అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది. ఇంగ్లండు వారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి మూలం. చాలాకాలం దీనిని నడిపించిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో ఒక విచిత్రమున్నది. దాని మూలరూపంలో, క్రాంక్‌షాఫ్టు వెనుక కొసన రబ్బరు సీలన్నదే లేదు! ఇరుసుపై మరచుట్టువంటి గాడి మాత్రం ఉన్నది. ఇరుసు తిరుగుతున్నంతసేపు ఆ గాడి బయటికి రాబోయే చమురును లోపలికి మళ్లిస్తుంది. ఇరుసు ఆగితే ఆ పనీ ఆగుతుంది. కనుక ముక్కు పైకెత్తి ఎక్కుడులో నిలిపిన బండి ఒకటి రెండు చుక్కలు రాల్చడం దాని స్వభావమే గాని రోగం కాదు.

అంతకు మించి కారితే వెదకవలసినది కింద కాదు, పైన. ఇంజన్ నెత్తిమీద రాకర్ల మూత అంచున చెమ్మగిల్లిన చమురు పక్కలవెంట జారి, ఫంకా గాలికి వెనుకకు పాకి, ఎక్కడో గేర్‌బాక్సు దగ్గర చుక్కయి రాలుతుంది. పడినచోటు చూసి పుట్టినచోటు చెప్పరాదు. దీనికి ఉపాధ్యాయుల చేతిలోని వస్తువే చాలు. ఇంజన్ చల్లారిన తరువాత కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, అతుకుల వెంబడి సుద్దపొడి చల్లాలి. కొంతసేపు నడిపి చూస్తే తెల్లని పొడిలో మొట్టమొదట నల్లబడినచోటే మూలం.

రాకర్ల మూతకు, పక్కమూతలకు కార్కు ప్యాకింగులుంటాయి. సీసా బిరడాలకు వాడే కార్కే ఇది, ఒక జాతి ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో అది అత్యధికంగా లభించేది పోర్చుగల్లులో. మన మేస్త్రీ అన్న మాట కూడ పోర్చుగీసు భాషనుండే వచ్చినది! ఏళ్ల వేడికి ఈ కార్కు ఎండి బిరుసెక్కుతుంది. అప్పుడు అందరూ చేసేది పానా పట్టి నట్లు ఇంకా బిగించడం. రాకర్ల మూతను పట్టి ఉంచేవి నడుమనున్న రెండు నట్లే. బలంగా బిగిస్తే కార్కు నలిగి చిట్లుతుంది, రేకుమూత అంచు వంగుతుంది, కారుడు రెట్టింపవుతుంది. పాత ముక్కలన్నీ గీకివేసి, వంగిన అంచును సమంచేసి, కొత్త ప్యాకింగును మూతకు అంటించి, రెండు నట్లను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. లోపలి ఆవిరి వెలుపలికి పోయే గొట్టం మూసుకుపోయినదేమో కూడ చూడాలి. ఆ దారి లేకపోతే లోపలి ఒత్తిడికి ఎంత మంచి ప్యాకింగయినా నిలవదు.

చిన్న కారుడే కదా అని ఉపేక్షించరాదు. చమురు వేడి పొగగొట్టంపై పడితే పొగ, ఒక్కొక్కప్పుడు మంట. వెనుకనుండి వచ్చేది క్లచ్చిప్లేటును తడిపితే ఇంజన్ తిరుగుతున్నా బండి ముందుకు కదలదు. కనుమదారి మలుపులో, వెనుక బస్సు వస్తుండగా, అది ప్రాణాంతకం. చమురు మట్టం కడ్డీతో కొలిచేది చదునైన నేలపైననే. వాలులో కడ్డీ అబద్ధం చెబుతుంది.

తుడిచిన గుడ్డలను, తీసిన పాత చమురును గెడ్డల్లో పారవేయకుండా డబ్బాకెత్తి కొండ దించాలి. ఈ అనంతగిరి కొండల్లోనే గోస్తనీనది పుట్టినది. బొర్రాగుహలగుండా సాగి, తాటిపూడి జలాశయం చేరి, అక్కడనుండి విశాఖపట్నంవారి కుళాయిలకు వెళ్లేది ఆ నీరే.