ఎత్తుకోబోతే కొరుకుతున్న కుందేలు: అది ఏం చెప్తోంది, మనం ఏం చెయ్యాలి?

ఇంట్లో కుందేలు పెంచుకుంటున్నవాళ్ళకి బాగా తలనొప్పిగా మారే ఒక విషయం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ముద్దుగా ఉందని కుందేలుని తెచ్చుకుంటాం. రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత చెయ్యి పెడితే చాలు పంటితో గిల్లుతుంది. ఎత్తుకుంటే తన్నుతుంది, గోళ్ళతో చేతులంతా గీరేస్తుంది. "ఇది ఉత్త పొగరుబోతు కుందేలు, ఎవరికైనా ఇచ్చెయ్" అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. చాలా కుందేళ్ళ కథ ఇక్కడే ముగిసిపోతుంది. ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు, లేదంటే రోజంతా బోనులోనే వదిలేస్తారు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. చాలా ఇళ్ళలో ఎత్తుకోవడం తగ్గిస్తే కొరకడం కూడా తగ్గుతుంది. ఎందుకో, ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎత్తితే అంత భయం ఎందుకు?

కుక్క, పిల్లి వేటాడే జంతువులు. కుందేలు వేటకి బలయ్యే జంతువు. మనం ఇంట్లో పెంచుకునే కుందేళ్ళ పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతంలో నేలలో బొరియలు తవ్వుకుని బతికిన అడవి కుందేళ్ళు. వాటిని పైనుంచి గద్ద తన్నుకుపోతుంది, నేల మీద నక్క పట్టుకుపోతుంది. అంటే ఆ జాతి అనుభవంలో కాళ్ళు నేల నుంచి లేచాయంటే ప్రాణం పోతున్నట్టే లెక్క. మనం ప్రేమగానే ఎత్తుకుంటాం, కానీ ఆ ప్రేమ దానికి అర్థం కాదు. పైనుంచి ఏదో వచ్చింది, పట్టుకుంది, లేపింది. దానికి తెలిసింది అంతే.

ఇంకో విషయం దాని కళ్ళు. కుందేలు కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కానీ సరిగ్గా ముక్కు ముందు, గడ్డం కింద ఉన్నది కనిపించదు. మనమేమో కుక్కకి వాసన చూపించినట్టు చెయ్యి తిన్నగా దాని ముక్కు దగ్గరికే తీసుకెళ్తాం. కనిపించని చోట ఏదో కదిలితే అది ఉలిక్కిపడి గిల్లుతుంది. అందుకే చెయ్యి పక్కనుంచి, నేలకి దగ్గరగా, మెల్లగా రావాలి. ముందు నుదురు మీద నిమరండి, అక్కడ నిమిరితే చాలా కుందేళ్ళకి ఇష్టం. గడ్డం కింద, పొట్ట, పాదాలు మాత్రం ముట్టుకోవద్దు.

ఇక్కడే ఒక చిన్న మాట. మన పొలాల్లో కనిపించే కుందేలు, కొన్నిచోట్ల చెవులపిల్లి అంటారు కదా, అది వేరే జాతి. అది ఇంట్లో పెరిగే జంతువు కాదు. దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. పొలంలో పిల్ల దొరికిందని ఇంటికి తెచ్చి పెంచకండి. తల్లి దాన్ని ఒంటరిగా దాచిపెట్టి పాలివ్వడానికి మాత్రమే వస్తుంది, కాబట్టి అది తప్పిపోయిన పిల్ల అనుకోవద్దు.

నడుము విరగడం అంటే ఏంటో తెలుసా?

దీన్ని కొంచెం సీరియస్‌గా వినండి. కుందేలు వెనక కాళ్ళలో కండబలం చాలా ఎక్కువ. ఎముకలు మాత్రం చాలా తేలిక. దాని మొత్తం బరువులో ఎముకల వాటా 8 శాతం దాకానే ఉంటుంది. మన చేతుల్లో అది గింజుకుని వెనక కాళ్ళతో గట్టిగా తన్నిందనుకోండి, ఆ కాళ్ళకి ఆనుకోవడానికి ఏమీ లేకపోతే ఆ బలమంతా దాని నడుము మీదే పడుతుంది. కింద పడకపోయినా, మన చేతుల్లోనే దాని వెన్నెముక విరిగిపోవచ్చు. అలా జరిగితే వెనక కాళ్ళు పడిపోవచ్చు, మూత్రం, మలం మీద అదుపు పోవచ్చు. చాలా కేసుల్లో ఇక కోలుకోదు.

అందుకే చిన్నపిల్లల చేతికి కుందేలుని ఇవ్వకండి. మీ తమ్ముడో, చెల్లో ఎత్తుకుంటానని మారాం చేస్తే నేల మీద కూర్చోబెట్టి, కుందేలే వాళ్ళ దగ్గరికి వచ్చేలా చూడండి. చెవులు పట్టుకుని ఎత్తడం, మెడ మీద తోలు పట్టి లేపడం అస్సలు వద్దు. సినిమాల్లో, బొమ్మల్లో చెవులు పట్టుకుని చూపిస్తారు. నిజంగా అలా చేస్తే దానికి నరకమే.

రీల్స్‌లో కుందేలుని వెల్లకిలా పడుకోబెట్టి "చూడండి ఎంత హాయిగా నిద్రపోయిందో" అని చూపిస్తుంటారు. అది నిద్ర కాదు ఫ్రెండ్స్. శత్రువు చేతికి చిక్కినప్పుడు జంతువు బిగుసుకుపోయే స్థితి అది. లోపల గుండె దడదడా కొట్టుకుంటూ ఉంటుంది. దాన్ని ఆటలా చెయ్యకండి.

ఏ గాటుకి ఏ అర్థం?

అన్ని గాట్లూ ఒకటి కాదు. మన కాలో, ప్యాంటు అంచో చిన్నగా గిల్లి వదిలేస్తే "పక్కకి జరుగు" అనో, "నన్ను పట్టించుకో" అనో అడుగుతోందని. బోనులో చెయ్యి పెట్టగానే కొరికితే "ఇది నా ఇల్లు" అంటోంది. అలాంటప్పుడు కుందేలు బయటికి వచ్చి తిరుగుతున్న టైంలోనే బోను క్లీన్ చెయ్యండి, గిన్నె మార్చండి. బోను ఊచల సందుల్లోంచి వేళ్ళతో తినిపించడం కూడా మానెయ్యండి. సందులోంచి వచ్చే ప్రతి వేలూ తిండే అనుకోవడం దానికి అలవాటైపోతుంది.

చెవులు వెనక్కి నొక్కిపెట్టి, గుర్రుమని, ముందుకి దూకి కొరికిందంటే అది బాగా భయపడిందని, లేదా కోపం వచ్చిందని. కానీ ఆ స్థాయికి వచ్చేముందు అది చాలా సిగ్నల్స్ ఇస్తుంది. కదలకుండా బిగుసుకుపోవడం, నేలకి అతుక్కున్నట్టు పడుకోవడం, కళ్ళు పెద్దవి చెయ్యడం, వెనక కాలితో నేలని టప్‌మని కొట్టడం. అవి చూడగానే మన చెయ్యి వెనక్కి వచ్చెయ్యాలి. చిన్న సిగ్నల్స్‌ని మనం పట్టించుకోకపోతే "కొరికితేనే వీళ్ళకి అర్థమవుతుంది" అని అది నేర్చుకుంటుంది. ఒక్కసారి నేర్చుకుందంటే మాన్పించడం కష్టం.

వయసు కూడా ఒక కారణం. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కుందేలు ఎదిగి, హార్మోన్లు మొదలవుతాయి. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్నది ఒక్కసారిగా కాళ్ళ చుట్టూ తిరుగుతూ గిల్లడం, మూత్రం చిమ్మడం మొదలుపెడుతుంది. ఆడ కుందేలు కడుపుతో లేకపోయినా ఉన్నట్టే బొచ్చు పీక్కుని గూడు కట్టుకుంటుంది, దగ్గరికి వస్తే కొరుకుతుంది. కుందేళ్ళకి ఆపరేషన్ చేసిన అనుభవం ఉన్న వెటర్నరీ డాక్టర్‌తో మాట్లాడండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకి ఈ దూకుడు చాలావరకు తగ్గుతుంది. పైగా ఆపరేషన్ చెయ్యని ఆడ కుందేళ్ళకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ.

నేల మీదకి రండి

మరి నమ్మకం ఎలా కలిగించాలి? రోజూ ఒక 20 నిమిషాలు నేల మీద కూర్చోండి. పడుకుంటే ఇంకా మంచిది. ఫోన్ చూసుకోండి, చదువుకోండి, దాని వైపు చూడకండి. అదే వస్తుంది, వాసన చూస్తుంది, మీద ఎక్కి దిగుతుంది. మీరు మాత్రం పట్టుకోవద్దు. కొన్ని రోజుల తర్వాత పక్కన ఒక కొత్తిమీర రెమ్మ పెట్టండి. ఆ తర్వాత అరచేతిలో పెట్టండి. అది తింటుండగా నుదురు మీద రెండు సెకన్లు నిమిరి ఆపెయ్యండి. ఇంకా కావాలంటే తల కిందకి వంచి అదే అడుగుతుంది.

ఒక వారం పడుతుందా, రెండు నెలలు పడుతుందా అనేది కుందేలుని బట్టి ఉంటుంది. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అన్నట్టు, ఎలాగైనా ఎత్తుకునే తీరుతానని పట్టుదలకి పోతే కష్టపడి సంపాదించిన నమ్మకం ఒక్కరోజులో పోతుంది.

బోనులోంచి తియ్యాలంటే తలుపు తీసి దాన్నే బయటికి రానివ్వండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే బుట్ట ఎప్పుడూ నేల మీదే తెరిచి ఉంచి, రోజూ లోపల కొంచెం గడ్డి వెయ్యండి. అందులోకి వెళ్ళడం అలవాటైతే వెళ్ళాల్సిన రోజు తలుపు మూస్తే చాలు, ఎత్తే పనే ఉండదు.

తప్పనిసరిగా ఎత్తాల్సి వస్తే?

గోళ్ళు కత్తిరించాలి, మందు వెయ్యాలి, అప్పుడు తప్పదు. అలాంటప్పుడు ఇలా చెయ్యండి.

ముందు మీరు నేల మీద కూర్చోండి. కుందేలు పక్కన ఉండండి, మీద వంగొద్దు. ఒక చెయ్యి ముందు కాళ్ళ వెనక నుంచి ఛాతీ కింద పెట్టండి. రెండో చెయ్యి వెనక కాళ్ళతో సహా పిరుదుల కింద పెట్టండి. రెండు చేతులూ ఒకేసారి లేపి వెంటనే మీ ఛాతీకి ఆనించుకోండి. నాలుగు కాళ్ళకీ ఏదో ఒకటి ఆనుతూ ఉండాలి, ఏ కాలూ గాల్లో వేలాడకూడదు. తల మీ మోచేతి మడతలో దాచుకుంటే చాలా కుందేళ్ళు కుదుటపడతాయి.

గింజుకోవడం మొదలుపెడితే ఒంటికి దగ్గరగా పట్టుకుని, వంగి నేలకి దింపండి. చేతుల్లోంచి దూకనివ్వకండి. దింపేటప్పుడు వెనక కాళ్ళు ముందు నేలకి తగలాలి. దించగానే ఇష్టమైన రెమ్మ ఒకటి ఇవ్వండి. బాగా తన్నే కుందేలైతే మెత్తటి తువ్వాలులో చుట్టి, తల బయట ఉంచి పట్టుకోండి. మన ఎండాకాలంలో మాత్రం తువ్వాలు ఎక్కువసేపు ఉంచొద్దు. 30 డిగ్రీలు దాటితేనే కుందేలుకి వడదెబ్బ ప్రమాదం ఉంటుంది.

కొరికినప్పుడు ఏం చెయ్యాలి?

కొట్టొద్దు. ముక్కు మీద చిన్న దెబ్బ కూడా వద్దు. చెయ్యి అంటేనే దెబ్బ అని దానికి గుర్తుండిపోతుంది. "ఈఁ" అని చిన్నగా, సన్నగా ఒక్క అరుపు అరవండి. నొప్పి పుట్టిందని దానికి అర్థమవుతుంది. తర్వాత చెయ్యి మెల్లగా తీసేసి కాసేపు మౌనంగా ఉండండి. తోలు తెగితే సబ్బుతో, పారే నీళ్ళతో బాగా కడిగి డాక్టర్‌కి చూపించుకోండి.

చివరిగా చాలా ముఖ్యమైన విషయం. ఎప్పుడూ కొరకని కుందేలు ఉన్నట్టుండి కొరికితే ముందు నొప్పి ఉందేమో అనుకోండి. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి సరిపడా తినకపోతే అవి అరక్క బుగ్గకో నాలుకకో గుచ్చుకుంటాయి. కుందేలు నొప్పిని బయటికి కనిపించనివ్వదు, ముట్టుకోనివ్వకపోవడమే ఒక్కోసారి దాని మొర. ఇక 10, 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. దాని పేగుల కదలిక ఆగిపోతే ప్రాణం మీదకి వస్తుంది, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మొత్తానికి ఫ్రెండ్స్, ఒళ్ళో కూర్చోవడానికి ఇష్టపడని కుందేలు మిమ్మల్ని ఇష్టపడట్లేదని కాదు. మీ కాళ్ళ దగ్గర ఒళ్ళు వాల్చి, వెనక కాళ్ళు బారజాపి పడుకుందంటే దాని భాషలో అంతకంటే పెద్ద ముద్దు లేదు. ఈరోజు సాయంత్రం దాన్ని ఎత్తుకోకుండా, ఊరికే పక్కన కూర్చుని చూడండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, అంతవరకు సెలవు.