మరకలో మనిషి రక్తం: పరీక్ష పట్టీ ఏం చెబుతుంది?

నేరస్థలంలోని ఎర్రటి మరక రక్తమేనా, రక్తమే అయితే మనిషిదా జంతువుదా అన్నవి ఫోరెన్సిక్ శాస్త్రంలో రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి ఫినాఫ్తలీన్ వాడే కాజిల్-మేయర్ పరీక్ష, చీకట్లో నీలికాంతిని వెలువరించే లూమినాల్ తోడ్పడతాయి. అయితే ఇవి హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉన్న హీమ్ అనే భాగం పెరాక్సైడ్‌తో జరిపే చర్యపై ఆధారపడినవి కావడం వల్ల కోడి రక్తానికీ స్పందిస్తాయి, కొన్ని కూరగాయల్లోని పెరాక్సిడేజ్ ఎంజైముల వల్ల పొరబడతాయి కూడా.

రెండో ప్రశ్నకు నమ్మదగిన సమాధానం 1901లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఉలెన్‌హూత్ రూపొందించిన అవక్షేప పరీక్షతో లభించింది. శరీరంలో ప్రవేశించిన పరాయి ప్రోటీనును గుర్తుపట్టి అంటిపెట్టుకునేందుకు తయారయ్యేవే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు. మనిషి రక్తం ఎక్కించిన కుందేలులో ఏర్పడే ప్రతిరక్షకాలు మనిషి రక్తంతో కలిసి అవక్షేపాన్ని ఇస్తాయి, గొర్రె, ఆవుల రక్తంతో ఇవ్వవు. ర్యూగెన్ ద్వీపంలో ఇద్దరు బాలుర హత్య కేసులో, బట్టల మీద ఉన్నవి కొయ్యరంగు మరకలని నిందితుడైన వడ్రంగి లూద్విగ్ టెస్నో వాదించగా, వాటిలో మనిషి రక్తమూ గొర్రె రక్తమూ ఉన్నట్టు ఉలెన్‌హూత్ తేల్చాడు.

ప్రతిరక్షకాల ఆ గుర్తింపు శక్తే నేటి పరీక్ష పట్టీలో, గర్భనిర్ధారణ కిట్ తరహా అమరికలో పనిచేస్తుంది. మరక పడిన గుడ్డ నుంచి చిన్న ముక్క కత్తిరించి, బఫర్ ద్రావణంలో నానబెట్టి, కొన్ని చుక్కలు పట్టీ చివరి గుంటలో వేస్తే, ఆ ద్రవం కేశనాళికీయత వల్ల పొర వెంబడి పాకుతూ, రంగు కణాలు అతికించిన ప్రతిరక్షకాలను వెంట తీసుకుపోతుంది. మనిషి హిమోగ్లోబిన్ ఉంటే ముందు వాటికి అంటుకుని, తర్వాత ‘టి’ గీత వద్ద కదలకుండా అమర్చిన ప్రతిరక్షకాలకూ చిక్కుతుంది. అక్కడ పోగుపడిన రంగు గులాబీ గీతగా కనిపిస్తుంది. మిగిలిన రంగు కణాలు ముందుకు సాగి ‘సి’ గీతను ఏర్పరుస్తాయి. అది రాకపోతే పరీక్షే చెల్లదు. ఫలితానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది.

అయినా ఈ పట్టీకి పరిమితులున్నాయి. హిమోగ్లోబిన్‌ను గుర్తించే పట్టీలు ఉన్నత ప్రైమేట్ల రక్తానికీ, ఫెరెట్ అనే చిన్న మాంసాహార జంతువు రక్తానికీ స్పందించవచ్చు. రక్తం మరీ చిక్కగా ఉంటే మిగులు హిమోగ్లోబిన్ రెండు రకాల ప్రతిరక్షకాలనూ విడివిడిగా ఆక్రమించి గీతను రానివ్వదు కనుక, అలాంటి నమూనాను పలచబరిచి మళ్లీ పరీక్షిస్తారు. హిమోగ్లోబిన్‌కు బదులు ఎర్ర రక్తకణాల పొరలోని గ్లైకోఫోరిన్-ఎ అనే ప్రోటీనును పట్టుకునే పట్టీలు కూడా వాడుకలో ఉన్నాయి.

ఆ రక్తం ఎవరిదో డీఎన్ఏ పరీక్షే చెప్పాలి. అది ఎప్పుడు, ఎలా పడిందో పట్టీ చెప్పజాలదు. కాబట్టి గులాబీ గీతను దర్యాప్తుకు ఆధారంగా తీసుకోవాలే తప్ప, నేర నిరూపణగా భావించకూడదు.