నిలిచిన కారు చప్పుడు

నడిచే బండి చప్పుడు చేస్తే ఎవరూ తలతిప్పి చూడరు. దాన్ని తెచ్చి పందిట్లో నిలిపి, తాళం తీసి, తలుపులు మూసి ఇంట్లోకి వచ్చిన తరువాత, అక్కడినుంచి టిక్కు టిక్కుమనో, బుస్సుమనో, గుయ్యిమనో వినవస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ చెవులు నిక్కుతవి. "తాళం సరిగా తిప్పినారా?" అని ఒకరు, "ఏదో కాలుతున్నట్టుంది చూడండి" అని ఒకరు, "పామేమో నైనా, దగ్గరికి పోవద్దు" అని ఇంకొకరు. ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటీ తీసివేయదగ్గది కాదు. చక్రంలో గాలి పోయే చప్పుడును పక్కన పెడితే, నిలిచిన కారులో చప్పుడు పుట్టించేవి ముఖ్యంగా మూడు: మిగిలిన వేడి, మిగిలిన విద్యుత్తు, లోపల దూరిన ప్రాణి. వేడి చప్పుడు పోనుపోను నెమ్మదిస్తుంది. విద్యుత్తు చప్పుడు ఒకే తీరున సాగి, బ్యాటరీ తీగ విప్పితే ఠక్కున ఆగుతుంది. ప్రాణి చప్పుడు మన అడుగుల అలికిడి విని ఆగి, మనం అవతలికి పోగానే మళ్ళీ మొదలవుతుంది. ఇంతమాత్రం తెలిసిన ఇంట్లో సగం భయమూ, షెడ్డులో అయ్యే ఖర్చులో కొంతా తగ్గుతవని మా నమ్మకం.

లత్తేరి కాట్పాడికీ గుడియాత్తానికీ నడుమ రైలుమార్గం మీద ఉన్న ఊరు. ఇక్కడి కార్లకు దూరప్రయాణాలు తక్కువ. వేలూరు ఆసుపత్రి, గుడియాత్తం బజారు, చిత్తూరులో చుట్టాల పెండ్లి, ఏడాదికి ఒకటి రెండు మార్లు తిరుపతి. తక్కిన రోజులు అవి నిలిచే ఉంటవి. కొన్ని చింతచెట్టు కింద, కొన్ని ఒకప్పుడు ఎద్దులు కట్టిన కొట్టంలో. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం వేలూరు సీమకు కొత్త కాదు. చుట్టూ వరి, వేరుసెనగ చేలు. అందుచేత పైన చెప్పిన మూడు రకాల చప్పుళ్ళకూ ఈ ప్రాంతం పుట్టినిల్లు వంటిది.

మొదట టిక్కు టిక్కు సంగతి. రేకుల ఇంట్లో కాపురమున్నవారికి దీన్ని వివరించనక్కరలేదు. పగలంతా కాగిన రేకు పొద్దుగూకిన తరువాత ముడుచుకొంటూ, మేకుల దగ్గర పట్టు తప్పినప్పుడల్లా టప్పుమంటుంది. కారు కింద ఉన్న పొగగొట్టమూ అంతే. మీటరు పొడవున్న ఇనుపగొట్టం 400 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు దిగితే 4 మిల్లీమీటర్లకు పైగా పొట్టిదవుతుంది. ఆ 4 మిల్లీమీటర్లు నున్నగా జారిపోవు. బిగింపుల దగ్గర, అతుకుల దగ్గర ఆగి ఆగి జారుతవి. ఒక్కొక్క జారుడు ఒక్కొక్క టిక్కు. పాత రోజుల్లో రైలుపట్టాల అతుకుల మధ్య సందు విడిచిందీ ఇనుముకున్న ఈ గుణం చేతనే.

"మా పాత అంబాసిడరు ఇట్లా అనలేదే" అని పెద్దవారు అనడం మేము చాలామార్లు విన్నాము. నిజమే, ఇంతగా అని ఉండదు. 1995 ఏప్రిలు నుంచి మద్రాసుతో సహా నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు, తరువాత దేశమంతటా, పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి అయింది. పనిచేసేటప్పుడు అది 400 డిగ్రీలకు పైగానే కాగుతుంది. దాని వేడి కారు అడుగుభాగానికి తగలకుండా పలుచని రేకులు అడ్డం బిగిస్తారు. టిక్కుమనేవి ఎక్కువగా ఆ రేకులే. టిక్కుకూ టిక్కుకూ మధ్య ఎడం పెరుగుతూ అరగంట లోపల సద్దు మణిగితే బండికి ఏ జబ్బూ లేదు. రేకు బోల్టు తుప్పుపట్టి ఊడితే ఇంజను ఆడేటప్పుడు గలగలమంటుంది. దానికి ఒక ఇనుపపట్టీ బిగిస్తే సరి. ఇంతదానికి సైలెన్సరు మొత్తం మార్పించుకొని వచ్చినవారు మా బంధువర్గంలోనే ఉన్నారు.

అయితే టిక్కు వేరు, చిటపట వేరు. కోతల కాలంలో మన రోడ్ల మీద వరిగడ్డి పరచి కార్ల చేత తొక్కించడం అందరూ చూసినదే. ఆ గడ్డి చుట్టలు చుట్టుకొని కారు అడుగున చేరుతుంది. కాగిన పొగగొట్టానికి తగిలి రాజుకొంటుంది. బండి నిలిపిన తరువాత చిటపట వినిపించి, గడ్డి కాలిన వాసన వస్తే ఆలోచన అనవసరం. మనుషులను దింపి దూరంగా పంపి, తరువాతనే నీళ్ళో ఇసుకో చూడవలె. ఎండుగడ్డి మీద, ఎండాకుల కుప్ప మీద వేడి కారును నిలపడం కూడా ఇట్టిదే.

తరువాతది గుయ్యిమనే చప్పుడు. తాళం తీసి జేబులో వేసుకొన్నా ముందుభాగంలో ఏదో తిరుగుతూనే ఉంటుంది. అంబాసిడరులో, 2014లో దాని తయారీ ఆగిపోయేవరకు ఎక్కువ బండ్లలో, రేడియేటరు ఫ్యాను ఇంజనుకు కట్టిన బెల్టుతో తిరిగేది. ఇంజను ఆగితే అదీ ఆగేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి, ఇంజనును అడ్డంగా అమర్చిన చిన్నకార్లు పెరిగిన తరువాత కరెంటు ఫ్యాను ఇంటింటి వస్తువయింది. ఇంజను ఆగగానే లోపలి నీరు తిరగడం మానుతుంది, ఇనుములోని వేడి మాత్రం నీటిలోకి దిగుతూనే ఉంటుంది. అందుచేత ఆపిన తరువాత కొద్ది నిమిషాలు వేడి తగ్గకపోగా పెరుగుతుంది. దాన్ని కనిపెట్టి ఫ్యాను తనంతట తాను తిరుగుతుంది. రెండు మూడు నిమిషాలు, ఎండాకాలమైతే ఇంకొంచెం తిరిగి ఆగితే మంచిదే. ఊళ్ళోనే తిరిగి వచ్చినా ప్రతిమారూ పావుగంట తిరుగుతుంటే నీరు తగ్గిందో, వేడిని కొలిచే సెన్సరు చెడిందో చూపించవలె. ఇంజను చల్లారినా ఆగకుండా తిరుగుతుంటే రిలే అంటుకుపోయిందన్నమాట. తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ.

ఇక్కడ ఒక హెచ్చరిక. తాళం తీసి ఉంది గదా అని బానెట్టు ఎత్తి లోపల చేయి పెట్టవద్దు. ఆగి ఉన్న ఫ్యాను చెప్పకుండా తిరగవచ్చు. పిల్లలు పక్కన నిలబడి తొంగిచూస్తుంటే ముందు వారిని అవతలికి పంపండి.

బుస్సుమనే చప్పుడులో రెండు జాతులున్నవి. ఏ.సి. వేసుకొని వచ్చి ఆపితే గొట్టాలలో ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉన్న ఒత్తిడి సమానమవుతూ ఒక నిమిషంపాటు సన్నగా బుసకొడుతుంది. కారు కింద నీటిచుక్కలు పడితే అదీ ఏ.సి. నీరే కావచ్చు, రంగూ జిగురూ లేకపోతే బెంగ వద్దు. రెండో జాతి రేడియేటరుది. వైకాశి నెల మొదట, అనగా మే మధ్యలో, గుడియాత్తం గంగమ్మ శిరస్సు తిరునాళ్ళకు జనం విరగబడి వచ్చినప్పుడు కార్లు అడుగు అడుగుగా కదలవలసివస్తుంది. అట్లా గంటసేపు ఎండలో పాకిన బండిని ఆపితే లోపల గుడగుడ, దాని వెంట బుస్సు, తీపివాసనతో ఆవిరి. రేడియేటరులో నీటిని మూత బిగించి ఒత్తిడిలో ఉంచుతారు గనుక అది 100 డిగ్రీల వద్ద మరగదు. సుమారు 120 దాకా ఓర్చుకొంటుంది. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి, ఉన్న నీరంతా ఒక్కసారిగా మరిగి మొహాన కొడుతుంది. గుడ్డ వేసి తిప్పితే ఏమీ కాదని చెప్పేవారి మాట వినవద్దు. పైగొట్టం మీద చేయి వేయగలిగినంత చల్లబడేదాకా, అరగంటో గంటో ఆగవలసిందే. తిరునాళ్ళు ఎక్కడికీ పోవు.

పాత బండ్ల అభిమానుల కోసం రెండు ముక్కలు. కార్బురేటరు బండ్లకు ఒక వింత ఉండేది: తాళం తీసినా ఇంజను చచ్చేది కాదు. సిలిండరులో పేరుకొన్న బొగ్గు ఎర్రగా కాలి, ప్లగ్గు సహాయం లేకుండానే పెట్రోలును అంటించేది. బండి దగ్గుతూ, వణుకుతూ అరనిమిషం ఆడేది. డ్రైవర్లు బ్రేకు తొక్కి, గేరు వేసి, క్లచ్చి వదిలి దాని గొంతు నొక్కేవారు. ఇప్పటి బండ్లలో తాళంతోపాటు పెట్రోలూ ఆగిపోతుంది గనుక ఆ వింత పోయింది. మారిస్ మైనరులో మరొక ముచ్చట. తాళం తిప్పగానే కరెంటు పెట్రోలు పంపు టకటక కొట్టి, కార్బురేటరు నిండగానే ఊరుకొనేది. ఊరుకోకపోతే ట్యాంకు ఖాళీ, లేదా ఎక్కడో కారుతున్నది. మీటరు చూడకుండా ఆ టకటకతోనే సంగతి గ్రహించే డ్రైవర్లు ఉండేవారు.

విద్యుత్తు చప్పుళ్ళలో పెద్ద భాగం రిలేలవే. ఉదయం తాళం తిప్పితే టకటకటకమని కొట్టుకొని ఇంజను తిరగకపోతే ముందు బ్యాటరీని, దాని తీగల బిగింపునూ అనుమానించవలె. స్టార్టరు మార్చాలనే మాట తరువాతది. బ్యాటరీయే సన్నగా మరుగుతున్నట్టు వినిపించి కుళ్ళిన గుడ్డు కంపు కొడితే ఛార్జి మితిమీరింది. అందులోంచి వచ్చే హైడ్రోజను నిప్పురవ్వకు పేలుతుంది. అగ్గిపెట్టెలకు పేరుపొందిన గుడియాత్తం పక్కన ఉండి కూడా ఆ సమయంలో పుల్ల గీయకూడదు! రాత్రంతా ఆగని చప్పుడు ఏదో తేలకపోతే మేస్త్రీ చేత బ్యాటరీ నెగటివు తీగ విప్పించి వినండి. ఆగితే విద్యుత్తుదే. విప్పేముందు తాళంచెవి మీ చేతిలో ఉండవలె. కారు లోపల విడిచి తలుపు మూస్తే కొత్త బండ్లు తెరుచుకోవు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇంకొక వింత చెబుతారు. అక్కడ అమ్మే కొన్ని టొయోటా కార్లలో, బండి ఆపిన సుమారు 5 గంటల తరువాత, అర్ధరాత్రి వేళ వెనుకభాగంలో ఒక పంపు గుయ్యిమంటుంది. పెట్రోలు ట్యాంకు నుంచి ఆవిరి ఎక్కడైనా కారుతున్నదా అని బండి తనను తాను పరీక్షించుకోవడమది. తెలియనివాళ్ళు దొంగలనుకొని లైట్లు వేసుకొంటారట. కరెంటు కార్లు కూడా ఛార్జి పెట్టినప్పుడు బ్యాటరీని చల్లబరచడానికి ఫ్యాను, పంపు నడుపుకొంటవి.

ఇక ప్రాణుల సంగతి. మన ఊళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదేనని మా అభిప్రాయం. చేను కోయగానే ఎలుకలు గూడు వెదుక్కొంటవి. వెచ్చని ఇంజను, పైన కప్పు, నిమ్మళమైన చోటు. ఇంతకన్నా మంచి ఇల్లు వాటికి దొరకదు. ఎలుక పండ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటవి గనుక అది ఏదో ఒకటి కొరుకుతూ ఉండవలసిందే. కరకరమనే చప్పుడు రాత్రి రెండు రోజులు వినిపించి, మూడోనాడు వేలూరు ఆసుపత్రికి పెద్దాయనను తీసుకుపోవలసిన తెల్లవారుజామున బండి స్టార్టు కాకపోవడం ఎంత కష్టమో అనుభవించిన ఇండ్లు ఉన్నవి. తీగ తెగితే అదృష్టం. పైతొడుగు మాత్రం పోయి రాగి బయటపడితే నిప్పు పుడుతుంది. గింజలు, తవుడు సంచులు కారు దగ్గర పెట్టకపోవడం, వారానికొకమారు బానెట్టు ఎత్తి ఆకులూ పీచూ తీయడం, రోజూ కొద్దిదూరమైనా నడపడం, వీటికి మించిన మందు లేదు. హోండా కంపెనీ వారు తీగలకు చుట్టడానికి మిరపకారం ఘాటు పట్టించిన టేపు అమ్ముతారు. కారం పని ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఎలుక ఉన్నచోటికి దాని వెనుక వచ్చేవారున్నారు. చలికాలంలో పిల్లికూనలు చక్రం మీద, బెల్టు పక్కన పడుకొంటవి. జపానులో నిస్సాన్ కంపెనీ 2015లో, బండి తీసేముందు బానెట్టు మీద చేత్తో తట్టండని ప్రచారమే చేసింది. రెండుమార్లు తట్టి, హారను ఒకసారి మోగించి, నిమిషం ఆగడానికి ఖర్చేమీ లేదు. పాము దూరినట్టు అనుమానముంటే మాత్రం తట్టడం, కర్రతో పొడవడం, వేడినీళ్ళు పోయడం, ఏదీ వద్దు. జెర్రిపోతో నాగుపామో మసకలో తేల్చుకోలేము. అందరూ దూరంగా నిలబడి, ఎటు కదిలిందో ఒకరు కనిపెట్టి చూస్తుండగా, 101కి ఫోను చేసి అగ్నిమాపక దళం వారిని పిలవండి. పాములను పట్టి తీసుకుపోవడం తమిళనాట వారికి అలవాటైన పనే.

షెడ్డుకు పోయినప్పుడు మంచి మేస్త్రీ వెంటనే స్పానరు తీయడు. "ఎప్పుడు ఆపినారు సామీ? ఎంతసేపటికి మొదలాయె? ముందు పక్కనా, కిందనా? వాసన వచ్చిందా?" అని అడుగుతాడు. వీటికి జవాబు ఇంటివారే చెప్పగలరు, ఎందుకంటే షెడ్డుకు చేరేసరికి ఆ చప్పుడు ఉండదు. వినబడినప్పుడే చేతిఫోనులో ఒక నిమిషం పట్టుకొని ఉంచండి. ఆ పూట ఎంత దూరం వచ్చినారో, ఏ.సి. వేసినారో లేదో, ఆపి ఎంతసేపయిందో ఒక చీటీ మీద వ్రాసుకొని, చీటీ ఫోనూ రెండూ కలిపి మేస్త్రీ చేతికి ఇవ్వండి.