వార్తల్లో పదం: డేటా ఫిడ్యూషియరీ

మన వివరాలు ఎందుకు తీసుకోవాలో, వాటితో ఏం చేయాలో నిర్ణయించే సంస్థే డేటా ఫిడ్యూషియరీ. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని పదమిది. ప్రైవేటు కంపెనీలకే కాదు, రామగుండం నగరపాలక సంస్థ లాంటి ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తుంది.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు సాగిన తెలంగాణ ప్రభుత్వ ప్రజాపాలన కార్యక్రమంలో, రామగుండంలోని గోదావరిఖని బస్తీల జనం కూడా పథకాల కోసం అభయహస్తం దరఖాస్తు ఫారాలు నింపారు. ఆధార్, రేషన్ కార్డు, ఫోన్ నంబరు అన్నీ అందులోనే. అదే జనవరిలో హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద, బైక్‌పై తీసుకెళ్తున్న ఇలాంటి దరఖాస్తులే రోడ్డున పడ్డాయి. పేదవాడి ఆధార్ అంత చులకనా అని అడగాల్సిందే! అయితే చట్టం కాగితాన్ని పట్టించుకోదు. కంప్యూటర్‌లోకి ఎక్కిన వివరాలకే దాని రక్షణ.

సబ్సిడీ, ప్రయోజనం ఇచ్చేందుకు కొన్ని సందర్భాల్లో ప్రభుత్వం మళ్లీ సమ్మతి అడగక్కర్లేదని సెక్షన్ 7 చెబుతోంది. కానీ అవసరమైన మేరకే తీసుకోవాలి, భద్రంగా ఉంచాలి. కంప్యూటర్‌లో ఎక్కించే పని బయటివారికి అప్పగించినా బాధ్యత ఫిడ్యూషియరీదే. లీకైతే బాధితులకు, డేటా రక్షణ బోర్డుకు చెప్పాలి. భద్రతలో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల దాకా.

2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డా, ఈ ముఖ్య బాధ్యతలు 18 నెలల తర్వాతే, అంటే 2027 మేలో అమలవుతాయి. ఈలోగా దరఖాస్తు పేరుతో ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.