తునికాకు డబ్బు ఏడాదంతా అందాలంటే

పినపాక మండలంలో చాలా ఇళ్లకు డబ్బు నెలనెలా రాదు. చలికాలంలో పత్తి, ఆ తర్వాత మిర్చి, ఎండలు ముదిరాక బీడీలు చుట్టే తునికాకు. 50 ఆకులకో కట్ట చొప్పున కట్టి కల్లానికి చేర్చిన కష్టంతో ఏడాది రాబడి దాదాపు ముగుస్తుంది. మళ్లీ పత్తి చేతికొచ్చేదాకా కూలి డబ్బులే దిక్కు. పెద్ద ఖర్చులేమో సరిగ్గా ఆ నెలల్లోనే మీద పడతాయి: జూన్‌లో విత్తనాలు, ఎరువులు, పిల్లల చదువు, ఆపైన వానాకాలపు జ్వరాలు. అందుకే ఇక్కడ డబ్బు జాగ్రత్త అంటే ముందుగా చేయాల్సింది, ఎండాకాలంలో వచ్చిన సొమ్మును వానాకాలం నెలలకు పంచుకోవడం.

ఆ పంపకంలో మొదటి వాటా గోదావరి వరద పేరు మీద తీయాలి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర. వరద వస్తే పనులు ఆగుతాయి, దారులు మూసుకుపోతాయి, కరెంటు పోతే ఫోన్‌లో డబ్బున్నా పనికిరాదు. ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము బ్యాంకు ఖాతాలో ముట్టకుండా ఉంచాలి. వారానికి సరిపడా నోట్లు ఇంట్లో ఉండాలి.

రెండో వాటా అప్పుకు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది నెలకు కాబట్టి ఏడాదికి 24 శాతం. 20 వేలకు ఏడాదిలో 4,800 రూపాయల వడ్డీ. అదే 20 వేలు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంగా తీసుకుని గడువులోగా కట్టేస్తే 4 శాతమే పడుతుంది, అంటే 800 రూపాయలు. ఏ డిపాజిట్టూ 24 శాతం ఇవ్వదు. కాబట్టి అంత వడ్డీ అప్పు ఉన్న ఇంటికి దాన్ని తీర్చడాన్ని మించిన పెట్టుబడి లేదు.

ప్రయాణ ఖర్చులో కొంత ఇప్పటికే తగ్గింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. అయితే గూడెం నుంచి బస్సు దొరికే ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డు దాకా ఆటోకు ఇవ్వాల్సిందే, మగవాళ్ల టికెట్టూ కొనాల్సిందే. బ్యాంకు, ఆసుపత్రి, ఎరువుల పనులు ఒకే రోజుకు కలుపుకుంటే ఆ ఖర్చూ తగ్గుతుంది. బస్సు టికెట్లలో మిగిలిన డబ్బు విడిగా పక్కన పెట్టకపోతే చిల్లర ఖర్చుల్లోనే పోతుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌ను నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టొచ్చు.

మే నెలాఖరులో చాలామంది తెలియక పోగొట్టుకునేది బీమా. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన్‌జ్యోతి బీమా, ఒక్కోటి రెండు లక్షలవి. వీటిలో చేరినవారి ఖాతా నుంచి ఏటా జూన్ 1కి ముందే ప్రీమియం కోత పడుతుంది. ఆ రోజుల్లో ఖాతా ఖాళీగా ఉంటే కోత పడదు, రక్షణ ఆగిపోతుంది. ఆకు డబ్బు మొత్తం తీసేయకుండా 500 రూపాయలు వదిలితే చాలు.

ఇవన్నీ అయ్యాకే పెట్టుబడి మాట. పదేళ్లు నిండని ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా 250 రూపాయలతో తెరవొచ్చు. బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. ఎక్కువ వడ్డీ ఆశ చూపే ప్రైవేటు స్కీములకు ఆ భద్రత లేదు. డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ సంస్థ చేతిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది మోసపోయారు. బంధువు చెప్పినా సరే, బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ అడగకుండా సంతకం పెట్టొద్దు.

ఈసారి ఆకు డబ్బు ఖాతాలో పడ్డ రోజే ఈ వాటాలు విడదీయండి. వారం ఆగితే ఏ వాటా ఎంతో తేల్చేది మీరు కాదు, అప్పులిచ్చినవాళ్లు.