మీ సోలారు బ్యాటరీకి ఫ్యూజు ఎక్కడుంది?

మేడ మీద ఒక సోలారు పలక, వసారాలో బ్యాటరీ, రెండు దీపాలు, ఓ చిన్న ఫ్యాను. కరెంటు పోయిన రాత్రి పిల్లలు ఉక్కపోతకు ఏడవకుండా నిద్రపోతే ఇంకేం కావాలి! 12 వోల్టులేగా, షాకు కొట్టదుగా అని మేమూ నిశ్చింతగానే ఉన్నాం.

షాకు కొట్టదన్నది నిజమే. కానీ నిప్పు పుట్టిస్తుందండీ! మన గీజరు ప్లగ్గు 16 ఆంపియర్లది. బ్యాటరీ రెండు వైర్లూ కలిస్తే మాత్రం వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి.

మా ఇంట్లో వైర్లు వసారా తలుపు సందులోంచి లాగారు. తలుపు వేసీ తీసీ వాటి తొడుగు నలిగిపోయింది. ఒక సాయంత్రం పప్పుకు తాలింపు వేస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన. స్టవ్ మీద ఏం పడిందా అని వెతికాను (నా అనుమానం ఎప్పుడూ వంటింటి మీదే!). వసారాలోకొచ్చి చూస్తే వైర్లు పొగలు కక్కుతున్నాయి, పక్కన ఆరేసిన తువ్వాలు అంచు మాడింది. పక్కింటి అబ్బాయి మందపాటి గుడ్డతో బ్యాటరీ క్లిప్పు లాగేశాడు కాబట్టి బతికిపోయాం.

విచిత్రమేమంటే, ఫ్యూజు చెక్కు చెదరలేదు. బిగించినాయన దాన్ని గదిలో స్విచ్చు బోర్డు దగ్గర పెట్టాడు. మంట పుట్టిందేమో బ్యాటరీకీ, దానికీ మధ్యలో. ఇంకెలా కాపాడుతుంది?

ఫ్యూజు ఉన్నది ఫ్యాను కోసం కాదు, వైరు కోసం. అందుకే బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరంలోపే ఉండాలి. కుక్కరుకు సేఫ్టీ వాల్వు లాంటిదన్నమాట. అది కరిగిపోతే రూపాయి బిళ్ళ అడ్డుపెట్టి వండుతామా? ఫ్యూజు పోయిందని రాగి తీగ చుట్టడమూ అంతే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. మాటిమాటికీ పోతోందని 30ది వేయించకండి, ఎందుకు పోతోందో చూపించండి. 300 వాట్ల ఇన్వర్టరు పెడితే అదొక్కటే 25 ఆంపియర్లు దాటి లాగుతుంది. దానికి లావు వైరు, వేరే ఫ్యూజు కావాలి. ఇంటి కరెంటుకు వాడే మామూలు ట్రిప్పు స్విచ్చు కూడా పనికిరాదు. బ్యాటరీ కరెంటులో పుట్టిన నిప్పురవ్వ తొందరగా ఆరదు. 'డీసీ' అని రాసి ఉన్నదే అడిగి తెచ్చుకోండి.

బ్యాటరీ తుడిచేటప్పుడు బంగారు గాజులు తీసేయండి, మంగళసూత్రం జాకెట్టులోకి దోపుకోండి. రెండు కొనలకూ లోహం తగిలిందంటే చెయ్యి కాలిపోతుంది. నీళ్ళు పోసే బ్యాటరీ చార్జవుతుంటే హైడ్రోజన్ వస్తుంది కనుక దగ్గర్లో అగరొత్తి కూడా వెలిగించొద్దు.

ఫ్యాను అరగంట తిరిగాక బ్యాటరీ వైరు తొడుగు మీద చెయ్యి ఆనించి చూడండి. వేడిగా ఉంటే ఎక్కడో స్క్రూ వదులై ఉంటుంది, లేదా వైరు సన్నమై ఉంటుంది. ఇన్వర్టరు నుంచి వచ్చే 230 వోల్టుల వైర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. మా వైర్లు ఇప్పుడు గోడకు కన్నం పెట్టించి, గట్టి పైపులోంచి లోపలికి తెప్పించాం. తలుపు హాయిగా పడుతోంది.